గొయ్యి లోతు వేరు, మొక్క లోతు వేరు

వానలు మొదలవగానే మా వీధిలో అందరూ నన్నడిగేది ఒకటే: "తీగ మొక్క ఎంత లోతులో పెట్టాలండీ?" అడిగేది మొక్క గురించే, కానీ చాలామంది మనసులో ఉండేది గొయ్యి. ఆ రెండూ ఒకటి కావు.

మల్లెకి అడుగున్నర లోతు, అంతే వెడల్పు గొయ్యి తవ్విస్తాను. మాగిన పశువుల ఎరువు కలిపిన మట్టితో నింపి, నిండా నీళ్ళు పెట్టి కొన్నాళ్ళు వదిలేస్తాను. వదులు మట్టి తడిస్తే కుంగుతుంది కదా, తవ్విన రోజే మొక్క పెడితే మట్టితో పాటు అదీ కిందికి దిగిపోతుంది. మట్టి కుదురుకున్నాక, కడియం నర్సరీ కవరులో మొక్క ఏ మట్టానికి ఉందో అదే మట్టానికి పెట్టాలి. మాది నల్లరేగడి, నీళ్ళు నిలిస్తే మొదలు కుళ్ళుతుంది. అందుకని నేనైతే నేలకంటే రెండు వేళ్ళు ఎత్తులోనే పెడతాను. కాగితం పూల తీగ వేళ్ళు మరీ సుకుమారం. కవరు కోసి తీయాలిగానీ మొక్కను పట్టి లాగకూడదు. అంటుమొక్క అయితే అంటు కట్టిన చోటు మట్టి పైనే ఉండాలి.

దొండ దారి వేరు. గింజ వేస్తే మగ తీగ రావచ్చు, అది కాయదు. బాగా కాసే పాదు నుంచి పెన్సిలంత లావు ముదురు కొమ్మను నాలుగు కణుపులుండేలా కోసి, రెండు కణుపులు మట్టిలోకి దించాలి. వేళ్ళు ముఖ్యంగా కణుపుల దగ్గరే పుడతాయి, ఇక అంగుళాలు కొలవడమెందుకు? మా అత్తయ్యగారు మూడు దించుతారు. ఆవిడ పాదు కాపు చూశాక నేను వాదించడం మానేశాను. తమలపాకుకీ కణుపుల లెక్కే, కాకపోతే నీడ కావాలి. బచ్చలి గురించి చెప్పేదేముంది, తెంపి పడేసిన కాడ కూడా తడి తగిలితే వేళ్ళు వేస్తుంది.

బీర, సొర, కాకర గింజలకి చూపుడువేలి మొదటి గణుపంత లోతు చాలు. ఇంకా లోతుగా గుచ్చితే ముసురు పట్టినప్పుడు మొలక పైకి రాకముందే కుళ్ళుతుంది. కాకర గింజ పెంకు గట్టిది, రాత్రంతా నానబెట్టండి.

ఇంగ్లండ్‌లో ఉన్న మా ఆడపడుచు క్లెమాటిస్ అనే పూల తీగ పెంచుతుంది. అందులో పెద్ద పూల రకాలను కుండీలో ఉన్నదానికంటే రెండు మూడంగుళాలు లోతుగా పెడతారట. తెగులొచ్చి పై తీగ ఎండిపోయినా మట్టిలోని కణుపుల నుంచి మళ్ళీ చిగురిస్తుంది. ఆ మాట పట్టుకుని ఇక్కడ మల్లెని పూడ్చేయకండి.

అన్నట్టు, పందిరి గుంజలు మొక్క పెట్టకముందే పాతించండి. తర్వాత గునపం దింపితే వేళ్ళు తెగుతాయి.