ఉగ్గుగిన్నె ఒక్కటే ముందు చేరింది

నాకు ఆపరేషన్ అయింది అక్టోబరు రెండో వారంలో, బెంగళూరులో. బరువు తగ్గడానికి చేసేది, స్లీవ్ అంటారు. పొట్టలో ముప్పావు వంతు దాకా కోసి తీసేస్తారు, మిగిలేది అరటికాయంత గొట్టం. అప్పుడు నేను 114 కేజీలు. షుగర్ మొదలైంది, మోకాళ్ళు ఎప్పుడో మొరాయించాయి. ఆపరేషన్‌కి ఆరు నెలలుగా సిద్ధమయ్యాం కానీ, డిశ్చార్జ్ అయిన పదో రోజున మా ఆయనకు రేణిగుంటలో ఉద్యోగం వస్తుందని ఎవరనుకున్నారు? నవంబరు మూడో వారంలో చేరాలి. "నువ్వు జనవరిలో రా" అన్నారాయన. ఆ పరిస్థితిలో ఒక్కదాన్నే ఉండటం నావల్ల కాదన్నాను.

సర్జన్ సరేనన్నారు, షరతులతో. ఆరు వారాలు నిండేదాకా 5 కేజీలకు మించి బరువు ఎత్తకూడదు. కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది కాబట్టి కారు గంటకోసారి ఆపి ఐదు నిమిషాలు నడవాలి. నీళ్ళు గుక్కలు గుక్కలుగానే, అదీ తిండికి అరగంట ముందూ వెనకా వదిలి. కోలారు, ముళబాగిలు, నంగిలి దాటాక ఆంధ్రలో పలమనేరు, తర్వాత చిత్తూరు. సుమారు 250 కిలోమీటర్ల దారిలో ఐదుసార్లు ఆగాం. మొగిలి ఘాట్ దిగాక ఒక టీ కొట్టు ముందు నేను అటూ ఇటూ పచార్లు చేస్తుంటే, "ఎవురన్నా రావాల్నా మా?" అని అడిగాడు కొట్టతను.

అసలు తప్పు బెంగళూరులోనే జరిగిపోయింది. సామాను సర్దినవాళ్ళు వంటింట్లో కనబడిందల్లా అట్టపెట్టెల్లోకి ఎక్కించేశారు. మిక్సీ, ప్రొటీన్ పొడి డబ్బా, విటమిన్ మాత్రలు, గ్యాస్ పట్టకుండా పొద్దున్నే వేసుకునే మాత్రలు, అన్నీ లారీలోకే. నేను చూసుకోవాల్సింది, చూసుకోలేదు. వానల వల్ల లారీ ఒకరోజు ఆలస్యమైంది. తిరుపతి ఎం.ఆర్.పల్లిలో ఖాళీ ఇంట్లో చాప మీద కూర్చుని హ్యాండ్‌బ్యాగ్ బోర్లిస్తే నాకు పనికొచ్చే వస్తువు ఒక్కటే బయటపడింది, మా పాప వెండి ఉగ్గుగిన్నె. నగలతో పాటు పెట్టాను కాబట్టి అది నాతోనే వచ్చింది. చిన్న గిన్నెలో తింటే ఎక్కువ పెట్టుకోరని డైటీషియన్ చెప్పినప్పటి నుంచి నా కంచం అదే. పాపకు పన్నెండేళ్ళు, గిన్నె ఇప్పుడు నాది.

కింద ఉండే ఓనరమ్మ పళ్ళెం నిండా పొంగలి, పైన నెయ్యి తేలుతూ, పట్టుకొచ్చింది. కొత్తగా దిగిన వాళ్ళకి మొదటి పూట తిండి పెట్టకపోతే ఎట్లా అని. నేను ఆపరేషన్ సంగతి చెప్పలేదు. బరువు తగ్గడానికి కోయించుకుందంటే ఏమనుకుంటారోనని సిగ్గు. రెండు చెంచాలు తిని పక్కన పెట్టాను. "ఏం పాపా, పిట్ట గూడా ఇంతకన్నా ఎక్కువ తింటాదే, ఉప్పు తక్కువైందా?" అంది. ఆమె ముఖం చిన్నబోయింది. అప్పుడు చెప్పాను. ఆమె కాసేపు నా వంక చూసి, పొంగలి తీసుకుని కిందికెళ్ళి, పావుగంటలో పలచటి పప్పుకట్టు, చిలికిన మజ్జిగ తెచ్చింది. ఆ రాత్రి అవే గడిపించాయి.

నేను చేసిన ఇంకో తెలివితక్కువ పని, లారీ వచ్చాక బియ్యం డ్రమ్ము పక్కకి లాగడం. ఎత్తలేదు కదా, లాగాను అంతే అనుకున్నాను. సాయంత్రానికి బొడ్డు పక్కన కుట్టు దగ్గర చురుక్కుమని పట్టేసింది. దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కి వెళితే అక్కడి డ్యూటీ డాక్టరు కడుపు నొక్కి చూసి నొప్పి మాత్ర రాసిచ్చారు. నేను డిశ్చార్జ్ సమ్మరీ బయటికి తీసేలోపే చీటీ చేతిలో పెట్టేశారు. మందుల షాపులో పేరు చదివితే డైక్లోఫినాక్. బెంగళూరు డాక్టర్లు వద్దని ఎర్ర ఇంకుతో రాసిన జాబితాలో మొదటిదే అది. అలాంటి మందులతో మిగిలిన ఆ కాస్త పొట్టలో పుళ్ళు పడతాయి. వెనక్కి వెళ్ళి కాగితం చూపిస్తే పారాసెటమాల్‌కి మార్చారు. బెంగళూరుకి ఫోన్ చేస్తే, జ్వరం, వాంతులు, గుండె దడ లేవు కాబట్టి కండరం పట్టిందని, రెండు రోజులు చూడమని చెప్పారు. తగ్గింది. ఊరు మారేవాళ్ళకి నేను చెప్పేదొకటే: అద్దె ఇంటికన్నా ముందు, మీ ఆపరేషన్ గురించి తెలిసిన డాక్టర్‌ని అక్కడ ఒకరిని చూసి పెట్టుకోండి. నేను ఇల్లు చూశాను, బాల్కనీ చూశాను, డాక్టర్‌ని చూసుకోలేదు.

కాగితాల పని మా ఆయనకే వదిలేశాను. కర్ణాటక నంబరు కారుకి ఏడాదిలోపు ఇక్కడ రిజిస్ట్రేషన్ చేయించాలి, దానికి బెంగళూరు ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం తేవాలి. ఆ తిరుగుడు గురించి ఆయన రాసుకోవాలి.

తిరుపతిలో ఉంటూ లడ్డూ తప్పించుకోవడం మాత్రం ఎవరి తరమూ కాదు. పక్కింటివాళ్ళు కొండకి వెళ్ళొచ్చినా, ఆఫీసులో ఎవరో దర్శనం చేసుకున్నా ఇంటికి లడ్డూ వస్తుంది. ఒక్కోటి సుమారు 175 గ్రాములు, నా పొట్టలో ఒక పూటకి పట్టేదానికన్నా ఎక్కువ. ప్రసాదం కదా, కాదంటే కళ్ళు పోతాయేమోనని ఒకరోజు పావు ముక్క తిన్నాను. ఇరవై నిమిషాల్లో చల్లటి చెమటలు, గుండె దడ, కాళ్ళలో వణుకు. చక్కెర ఒక్కసారిగా పేగుల్లోకి జారితే వచ్చే తిప్పలట, డంపింగ్ అంటారు. నిమ్మళంగా పడుకుంటే గంటకి సర్దుకుంది. అప్పటి నుంచి నాకు ఒక జీడిపప్పు ముక్క, కళ్ళకద్దుకుని. దేవుడేమీ అనుకోలేదు.

డిసెంబరు చివరికి దువ్వెన నిండా జుట్టు రావడం మొదలైంది. మూడో నెల దగ్గర ఇలా రాలుతుందని, తర్వాత తిరిగి వస్తుందని ముందే చెప్పారు. అయినా బాత్‌రూమ్‌లో పోగు చూస్తే గుండె ఝల్లుమంది. "ఇట్లానే రాలితే ఇంక కల్యాణకట్టకి పోయే పనే లేదులే" అంది ఓనరమ్మ. నేను నవ్వి చాలా రోజులైంది, ఆ రోజు నవ్వాను.

రోజూ పొద్దున యూనివర్సిటీ చెట్ల కింద నడుస్తున్నాను. మొదట్లో పది నిమిషాలు, ఇప్పుడు నలభై. జనవరిలో ఇక్కడే రక్తపరీక్షలు చేయించి రిపోర్టు బెంగళూరుకి వాట్సాప్‌లో పంపితే, ఐరన్ ఫరవాలేదు, విటమిన్ డి తక్కువని మాత్ర మార్చారు. బరువు 95.

సంక్రాంతి ముందు రోజు ఓనరమ్మ గడప దగ్గర కూర్చుని రాత్రి నానబెట్టిన అనపగింజలు పితుకుతోంది. బొటనవేలూ చూపుడువేలూ మధ్య పెట్టి ఒక్క నొక్కు నొక్కితే తొక్క వేళ్ళకే అంటుకుని, పచ్చటి పప్పు టప్పుమని గిన్నెలోకి దూకుతుంది. నేనూ కూర్చున్నాను. నావి సగం గచ్చు మీద దొర్లాయి. మధ్యాహ్నం పితికిపప్పు కూర పొయ్యి మీంచి దించి, "నీ గిన్నె తేపో" అంది. ఉగ్గుగిన్నె తెచ్చాను. ఆమె సగానికే నింపి గరిటె ఆపింది. ఐదు చెంచాలు తిన్నాను.