చలికాలం ఇండెంట్

సైన్యంలో ఫార్మసిస్టుగా లద్దాఖ్‌లో గడిపిన రోజులు ఈ ఉదయం గుర్తొచ్చాయి. మంచు కురిసి శ్రీనగర్ వైపు జోజిలా, మనాలీ వైపు రోహ్‌తాంగ్ కనుమలు మూసుకుపోతే ఆ రోజుల్లో నెలల తరబడి లారీ వచ్చేది కాదు. అందుకే చలికాలానికి కావలసిన మందుల ఇండెంట్, అంటే ఏది ఎంత కావాలో కోరే పట్టిక, ఎండలుండగానే రాసి పంపాల్సి వచ్చేది.

ఎత్తైన చోట ఆక్సిజన్ చాలక వచ్చే కొండ జబ్బుకు ఎసిటజోలమైడ్, ఊపిరితిత్తుల్లో నీరు చేరితే నిఫెడిపిన్, ఆక్సిజన్ సిలిండర్లు... కిందటేటి వాడకానికి కొత్తగా పైకి వచ్చే జవాన్ల సంఖ్య కలిపి లెక్క వేసేవాణ్ణి. తక్కువ రాస్తే ప్రాణాల మీదికి వస్తుంది. ఎక్కువ రాస్తే గడువు తీరి పారేయాలి.

టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మైదానంలో వాటికి భయం ఎండతో, అక్కడ మంచుతో. ధనుర్వాతం టీకా ఒక్కసారి గడ్డకట్టిందంటే, కరిగాక మామూలుగా కనిపించినా పనికిరాదు.

ఒక ఏడాది సెలైన్ సీసాల దగ్గర ఒక సున్నా తక్కువ రాశాను. సంతకానికి ముందు మా సుబేదార్ గారు చూసి, ఏమీ అనకుండా కాగితం నా వైపు జరిపారు. ఆ రాత్రి ఇండెంట్ మొత్తం మొదటి నుంచి మళ్లీ లెక్కపెట్టాను. నా చేతులు వణికింది చలికి కాదు.