ఫైర్‌ప్లేస్ మీద మా మాంటెల్

మూడు వీకెండ్లు పట్టింది కానీ, మిన్నెసోటాలోని మా ఇంట్లో ఫైర్‌ప్లేస్ మీదికి మాంటెల్, అంటే మంట గూటి పైన గోడకి బిగించే షెల్ఫ్, నిన్న రాత్రి ఎక్కేసింది! ఆరడుగుల వాల్‌నట్ చెక్క దూలంలా కనిపిస్తుంది గానీ లోపలంతా డొల్లే, మూడు పలకల్ని 45 డిగ్రీల్లో కోసి అతికించిన పెట్టె. మొదటిసారి కోత అర డిగ్రీ తప్పి అంచులో గోరు దూరేంత సందు వచ్చింది, ఆ రాత్రి నిద్ర పట్టలేదు, మర్నాడు మళ్ళీ కోశాను. మంట గూటికి 6 అంగుళాల లోపు చెక్క ఉండకూడదని ఇక్కడి రూలు, నేనైతే భయంతో ఇంకా పైకే పెట్టాను. గోడ లోపల 16 అంగుళాలకొకటి ఉండే స్టడ్స్‌కి (నిలువు చెక్క కమ్మీలకి) ఒక చెక్క బద్ద బిగించి, దాని మీదికి పెట్టెని తోస్తుంటే మా ఆవిడ రసమట్టం పట్టుకుని "ఎడమ పక్క కొంచెం ఎత్తండి" అంటూనే ఉంది. ఉప్పు కాగితంతో రుద్ది నూనె పూశామో లేదో, చెక్కలో చారలన్నీ ఒక్కసారి లేచొచ్చాయి. పాప దానికి చెంప ఆనించి చాలాసేపు అలాగే నిలబడింది.