నెమలికంఠం రంగు కోసం: 1974 నాటి పెళ్లి రీళ్ల పని వివరాలు

జనవరి 11, సాలిగ్రామం, చెన్నై

మా పిన్ని పెళ్లి 1974లో మద్రాసులోనే జరిగింది. మగపెళ్లివారి బంధువొకరు అప్పట్లో కోడంబాక్కంలో కెమెరా శాఖలో పని చేసేవారు కాబట్టి ఆ పెళ్లిని 16 ఎం.ఎం. ఈస్ట్‌మన్ కలర్ (కోడాక్ వారి రంగు పిలిం) నెగటివ్ మీద తీసి, ఇరువైపుల వారికీ చెరొక ప్రింటు వేయించారు. నెగటివ్ ఇప్పుడు లేదు. ఆడపెళ్లివారి ప్రింటు అమ్మమ్మగారి ఇంటి అటక మీద రేకు డబ్బాలో ఉండిపోయి, ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు ఈ వారం నా చేతికి వచ్చింది. పల్లావరం శుక్రవారం సంతలో ఏళ్ల తరబడి సూపర్ 8 రీళ్లు (ఇళ్లలో వాడే సన్న పిలింవి) ఏరుకుంటూ వచ్చిన నాకు, మా ఇంటి మనుషులే ఉన్న రీలు దొరకడం ఇదే మొదటిసారి.

400 అడుగుల రీలు ఒకటి. 16 ఎం.ఎం.లో అడుగుకు 40 ఫ్రేములు కాబట్టి మొత్తం 16,000 ఫ్రేములు, సెకనుకు 24 చొప్పున పదకొండు నిమిషాల పైచిలుకు. లైట్ బాక్సు మీద మొదటి రెండు గజాలు పరిచి భూతద్దంతో చూశాను. పందిరి గుంజలకు కట్టిన అరటిచెట్లు ఇటుకరంగులో ఉన్నాయి. మామిడాకుల తోరణం ఎండిన రక్తం రంగుకు తిరిగింది. పిన్ని జడ నల్లగా ఉండవలసిన చోట చిక్కటి వక్కరంగులో కనిపించింది. పచ్చ, నీలం అనదగ్గ రంగు ఒక్క చోట కూడా లేదు.

జనవరి 13

ముందు పిలిం ఆరోగ్యం చూశాను. ఆ కాలపు ప్రింట్లు అసిటేట్ అనే ప్లాస్టిక్ మీద ఉంటాయి. వేడికీ తేమకూ అసిటేట్ విరిగి అసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, ఆ ఆమ్లమే మిగతా అసిటేట్‌ను ఇంకా త్వరగా విరగ్గొడుతుంది. డబ్బాలో ఎ-డి స్ట్రిప్ ఒకటి వేసి, మూత పెట్టి, రెండు రోజులు ఉంచాను. అమెరికాలో రాచెస్టర్‌లోని ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ వారు తయారు చేసిన ఈ కాగితం ఆమ్లం పెరిగే కొద్దీ నీలం నుంచి ఆకుపచ్చకు, అక్కడి నుంచి పసుపుకు మారుతుంది. నాది నీలం అంచు దాటి ఆకుపచ్చ వైపు కొద్దిగా జరిగి, 0 నుంచి 3 దాకా ఉండే కొలతలో 1 దగ్గర ఆగింది. 1.5 దాటితే క్షయం తనంత తానే వేగం పుంజుకుంటుంది కాబట్టి రీలును స్కాన్ చేసి రంగు దిద్దే పని వాయిదా వేయడానికి వీల్లేదు.

రెండో పరీక్షకు స్కేలు చాలు. ప్రింటు పిలిం అంచున ఒక చిల్లు నుంచి తర్వాతి చిల్లుకు 7.62 మి.మీ. ఉంటుంది కాబట్టి వంద చిల్లుల దూరం 762 మి.మీ. రావాలి. నాకు 757 వచ్చింది, అంటే 0.66 శాతం కుదింపు. పంటి చక్రాలున్న ప్రొజెక్టర్‌లో దీన్ని నడపడం నాకు ఇష్టం లేదు. నా స్కానర్‌లో పళ్లు తీసేసి రబ్బరు రోలర్లు పెట్టాను కాబట్టి అందులో నడుస్తుంది.

శుభ్రం చేయడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు రాలని గుడ్డ వాడాను. చెన్నై తేమలో ఉన్న రీళ్లకు బూజు పట్టడం మామూలే; బూజు పట్టిన చోట జెలటిన్ నీటిలో కరిగిపోయే స్థితికి వస్తుంది కాబట్టి తడిగుడ్డ పెడితే బూజుతో పాటు బొమ్మ కూడా ఊడి వస్తుంది. ఈ సంగతి తెలియక సంతలో కొన్న ఒక సూపర్ 8 రీలులో రెండు అడుగులు పోగొట్టుకున్నాను.

జనవరి 25

బెంగళూరులో ఉండే మా తమ్ముడు, అంటే పిన్ని కొడుకు, మగపెళ్లివారి ప్రింటును రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. అది మల్లేశ్వరం ఇంట్లో కింది గదిలో, చెక్క బీరువాలో ఇన్నాళ్లూ ఉంది. రెండు రీళ్లనూ పక్కపక్కన పరిచి అంచులు చూస్తే ఒకే కోడాక్ గుర్తులు ఉన్నాయి. ఈ చిన్న ఆకారాల గుర్తులు పిలిం తయారైన ఏడాదిని చెబుతాయి. ఇరవై ఏళ్లకొకసారి అవే తిరిగి వచ్చేవి కాబట్టి ఏడాది తెలియని రీళ్ల విషయంలో జాగ్రత్తగా చదవాలి. ఇక్కడ నాకు కావలసింది రెండూ ఒకే పిలిం అవునా కాదా అన్నదే, అది తేలిపోయింది.

ఒకే పిలిం, ఒకే ల్యాబు, ఒకే రోజు వేసిన ప్రింట్లు. యాభై ఏళ్లు వేరు వేరు ఊళ్లలో, వేరు వేరు చోట్లలో ఉన్నాయి. బెంగళూరు ప్రింటు కూడా ఎర్రబారింది కాని, అరటాకును చూస్తే ఆకు అని గుర్తుపట్టవచ్చు.

కొలిచి చూద్దామని, వంటగది గుమ్మంలోని చీకటి పడిన ఫ్రేమును రెండింటిలోనూ తీసుకుని, ఎర్రటి కాంతి ఎంత దాటి వస్తోందో కెమెరాతో చూశాను. కొత్త ప్రింటు నలుపులో నూటికి ఒక పాలు కూడా దాటదు. బెంగళూరు ప్రింటులో 6 పాళ్లు, చెన్నై ప్రింటులో 24 పాళ్లు దాటుతున్నాయి. సాంద్రత (పిలిం కాంతిని ఎంత ఆపుతుందో చెప్పే లాగరిథమ్ కొలత) లెక్కలో అవి 1.22, 0.62 అవుతాయి.

కారణం చెప్పుకోవాలి. రంగు ప్రింటులో సియాన్, మెజెంటా, పసుపు అనే మూడు అద్దకాల పొరలు ఉంటాయి. ఆ కాలపు ఈస్ట్‌మన్ ప్రింటు పిలింలో సియాన్ చీకట్లో ఉంచినా నిలవదు, పసుపు కొంత తగ్గుతుంది, మెజెంటా గట్టిగా నిలుస్తుంది. సియాన్ ఎర్రటి కాంతిని ఆపే అద్దకం. అది పోయాక ఎరుపు అడ్డు లేకుండా దాటి వస్తుంది. ప్రొజెక్టర్ బల్బు వల్లనే రంగు పోతుందని చాలామంది సేకర్తలు నమ్ముతారు కాని, ఈ ప్రింట్ల విషయంలో లెక్క వేరుగా ఉంది. ఒక ఆటకు ఒక్కో ఫ్రేము బల్బు ముందు ఉండేది సెకనులో 24వ వంతు. ముప్ఫై సార్లు వేసినా సెకనున్నర కూడా కాదు. బెంగళూరు ప్రింటును పండగలకూ శ్రీమంతాలకూ ఎన్నోసార్లు వేశారు, ఒళ్లంతా గీతలున్నాయి, తలంబ్రాల దగ్గర 38 అడుగులు తెగిపోయాయి. చెన్నై ప్రింటును ఎవరూ పెద్దగా వేయలేదు, గీత లేదు. అయినా రంగు పోయింది చెన్నై ప్రింటుదే. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు పెరిగితే అద్దకం పోయే వేగం సుమారు రెట్టింపు అవుతుంది. స్లాబు కింద అటక మే నెలలో ఎలా ఉంటుందో ఈ ఊళ్లో ఉన్నవారికి వేరే చెప్పనక్కర్లేదు.

కోడాక్ వారిదే ఇంకో రంగు పిలిం కోడాక్రోమ్ సంగతి దీనికి తలకిందులు. చీకట్లో దశాబ్దాలు నిలుస్తుంది, బల్బు వెలుగుకు మాత్రం తొందరగా పాలిపోతుంది. మా పెదనాన్న అమెరికా నుంచి వచ్చినప్పుడు తీసిన 50 అడుగుల కోడాక్రోమ్ సూపర్ 8 రీలు అదే అటక మీద అదే డబ్బా పక్కన ఉంది. అందులో ఆకాశం ఇప్పటికీ నీలంగానే ఉంది. దాన్ని స్కాన్ చేసి దాచాను, ప్రొజెక్టర్‌కు ఎక్కించను.

ఫిబ్రవరి 2

లేత నీలి ఆకుపచ్చ జెలటిన్ ఫిల్టర్‌ను కటకం ముందు పెట్టుకుని చూడమని సేకర్తలు చెబుతుంటారు. లైట్ బాక్సు మీద ఫ్రేములకు అడ్డం పెట్టి చూశాను. ముఖాలు కాస్త కుదుటపడ్డాయి. నీడలు మాత్రం ఎర్రగానే ఉన్నాయి, ఎందుకంటే ఫిల్టర్ తెలుపునూ నలుపునూ ఒకే పాళ్లలో మారుస్తుంది, పోయిన సియాన్ మాత్రం నలుపులోనే ఎక్కువ పోయింది. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే సాయంత్రానికి ఫిల్టర్ పనికివస్తుంది, రంగు తిరిగి రావడానికి పనికిరాదు.

ఇదివరకు ఒక రీలును ఊళ్లో డిజిటల్ చేసే చోట ఇచ్చి నష్టపోయాను. వారు తెల్ల లైటు, ఆటో కలర్ పెట్టి, కుదించిన వీడియో చేతిలో పెట్టారు. ముఖాలు బూడిద పచ్చగా వచ్చాయి, దిద్దడానికి లోపల ఏమీ మిగలలేదు. ఎక్కడ ఇచ్చినా దిద్దని ముడి ఫ్రేములు కూడా ఇవ్వాలని ముందే అడగడం మంచిది.

ఫిబ్రవరి 15

ఇది అసలు పని, కాబట్టి వివరంగా రాస్తున్నాను.

రంగు కెమెరాకు బదులు పాత నలుపు తెలుపు పారిశ్రామిక కెమెరా కొన్నాను, 5 మెగాపిక్సెళ్లది. వెనక తెల్ల లైటు తీసేసి మూడు ఎల్.ఇ.డి.లు పెట్టాను: ఎరుపు 660, ఆకుపచ్చ 530, నీలం 450 నానోమీటర్లు. ఎరుపును 660 దగ్గర ఎంచుకోవడానికి కారణం, సియాన్ అద్దకం దాదాపు అక్కడే అత్యధికంగా కాంతిని పీల్చుకుంటుంది. ఆ చోట చూస్తేనే మిగిలిన కాస్త సియాన్ స్పష్టంగా పట్టుబడుతుంది. ఒక్కో ఫ్రేమును మూడు కాంతులలో విడివిడిగా తీస్తాను. స్టూడియోలు నెగటివ్‌ను కాపాడుకోవడానికి మూడు నలుపు తెలుపు ప్రతులుగా విడదీసి దాచే పద్ధతే ఇది, నా టేబుల్ మీద.

ఎర్ర కాంతిలో తీసిన చిత్రం చాలా చప్పగా, పొగమంచులో తీసినట్టుగా ఉంటుంది. దాన్ని సాగదీస్తే గ్రెయిన్‌తో (పిలిం రేణువులతో) పాటు కెమెరా రొద, అంటే చిత్రంలో కనిపించే చుక్కల అలజడి కూడా సాగుతుంది. అందుకని ఎర్ర కాంతిలో నాలుగుసార్లు తీసి సరాసరి కడుతున్నాను; నాలుగింటి సరాసరికి రొద సగమవుతుంది. పారదర్శకంగా ఉన్న పిలిం దాదాపు పూర్తి తెలుపు అంచుకు వచ్చేలా ఎక్స్‌పోజర్ పెట్టాలి, దాటనివ్వకూడదు.

తర్వాతి మెట్టులో చాలామంది తప్పు చేస్తారని నా అభిప్రాయం. కాంతి విలువలను నేరుగా గుణించకూడదు. ముందు సాంద్రతలోకి, అంటే లాగరిథమ్‌లోకి మార్చి, పిలిం అడుగు మరకను, అంటే బొమ్మ లేని చోట కూడా ఉండే లేత రంగును తీసివేసి, అప్పుడు గుణించాలి. అద్దకం ఎక్కడ ఎంత ఉంటే అక్కడ ఆ నిష్పత్తిలో పోతుంది కాబట్టి, పోయింది తిరిగి పెట్టడం కూడా నిష్పత్తిలోనే జరగాలి. ఎంతతో గుణించాలన్నది మామూలుగా ఊహించుకోవలసిన విషయం. నాకు బెంగళూరు ప్రింటు ఉంది. రెండు ప్రింట్లలోనూ ఒకే ఫ్రేము తీసుకుని, నీడలో, చర్మం మీద, పందిరి గుడ్డ మీద, పన్నెండు చోట్ల సాంద్రతలు కొలిచి నిష్పత్తి కడితే ఎరుపులో 1.9 నుంచి 2.1 మధ్య వచ్చింది. ముందు చెన్నై ప్రింటును ఆ లెక్కన బెంగళూరు ప్రింటు స్థాయికి తెచ్చి, ఆ తర్వాత నలుపు నలుపు అయ్యేదాకా ఇంకొంచెం పెంచాను.

మా వీధి చివర ఉండే పెద్దాయన ఫిల్మ్ ల్యాబులో గ్రేడర్‌గా, అంటే ప్రింట్ల రంగు సరిచూసేవారిగా పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఆయనకు చూపిస్తే మానిటర్‌కు దగ్గరగా కుర్చీ లాక్కుని, "ముందు నలుపు చూడు బాబూ, తర్వాత తెల్ల పంచె చూడు, ముఖం జోలికి చివర్లో వెళ్లు. ముఖంతో మొదలుపెడితే మిగతాదంతా అబద్ధమవుతుంది" అన్నారు. "అలాగే మేష్టారూ" అని ఆ రాత్రి చేసినదంతా పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాను. ఆయన చెప్పిన వరస సరైనది.

మార్చి 1

స్కానింగ్ పూర్తయింది. ఫ్రేముకు అయిదు సెకన్లు, 16,000 ఫ్రేములకు 22 గంటలు, మూడు రాత్రులలో. 48,000 ఫైళ్లు, ఒక్కోటి 10 ఎం.బి., మొత్తం 480 జి.బి. రెండు డిస్కులలో పెట్టి, ఒకటి తమ్ముడితో బెంగళూరు పంపాను. బొమ్మ చెన్నై ప్రింటుది, రంగుకు కొలమానం బెంగళూరు ప్రింటుది.

మార్చి 8

పిన్నిని పిలిచి టీవీలో చూపించాను. దిద్దిన దాంట్లో చీర ఆకుపచ్చగా వచ్చింది, నాకు తృప్తిగానే ఉంది. పిన్ని జీలకర్ర బెల్లం దాకా మాట్లాడకుండా చూసి, "ఒరేయ్, చీర అది కాదురా. నెమలికంఠం" అంది. మర్నాడు ట్రంకు పెట్టెలోంచి చీర తెచ్చింది. పైమడతలు పాలిపోయాయి, లోపలి మడత విప్పితే పట్టు ఒక కోణంలో నీలంగా, ఒక కోణంలో ఆకుపచ్చగా మెరిసింది.

మళ్లీ చూస్తే లోపం నా లెక్కలోనే ఉంది. పసుపు పొరలో కూడా కొంత అద్దకం తగ్గింది కదా అని నీలం చానెల్‌ను ఎక్కువ పెంచాను. ప్రాసెసింగ్‌లో మిగిలిపోయిన కప్లర్ల (అద్దకం పుట్టించే రసాయనాల) వల్ల తెల్లటి భాగాలలో పుట్టిన పసుపు మరకను ముందు తీసివేయలేదు. ఆ మరక తీసి, నీలం గుణకాన్ని 1.4 నుంచి 1.2కు తగ్గించగానే చీర మీద మడతల నీడల్లో నీలం తేలింది, మెరుపు పడిన చోట పచ్చ నిలిచింది. పిన్ని చీరను టీవీ పక్కన పట్టుకుని చూసి, "ఇదీ" అంది.

మార్చి 15

రెండు రీళ్లనూ ఫ్రిజ్‌కు పంపాను. పోయిన సియాన్ రాదు, ఉన్నది ఇంకా నెమ్మదిగా పోవడానికి చలి ఒక్కటే మార్గం. 1980లో అమెరికన్ దర్శకుడు మార్టిన్ స్కోర్సీసీ లాంటివారు రంగు పోయే పిలిం మీద గొడవ చేశాక, 1980ల మొదట్లో కోడాక్ ఎల్.పి.పి. అనే నిలకడ గల ప్రింటు పిలిం తెచ్చింది. అంచు మీద ఆ అక్షరాలున్న రీళ్లు బీరువాలో ఉన్నా అంత తొందర లేదు. అంతకు ముందువన్నీ చల్లగానే ఉండాలి.

రీలును ఆమ్ల రహిత కాగితంలో చుట్టి, జిప్ సంచిలో సిలికా జెల్‌తో పెట్టి, గాలి పిండి, ఇంకో జిప్ సంచిలో తేమ చూపే కార్డుతో సహా ఉంచాను. ఫ్రిజ్ లోపల తేమ ఎక్కువ కాబట్టి రెండు సంచులు తప్పవు. బయటికి తీసినప్పుడు రాత్రంతా సంచి విప్పకుండా గది వేడికి రానివ్వాలి. చెన్నై గాలిలో చల్లటి రీలు విప్పితే నిమిషంలో నీళ్లు పడతాయి. ఈ ఫ్రిజ్‌లో కూరగాయలు పెట్టకూడదని ఇంట్లో ఒప్పందం కుదిరింది. ఈ ఉదయం లోపల 4 డిగ్రీలు, కార్డు నీలంగా ఉంది, అంటే సంచిలో పొడిగానే ఉంది. తర్వాత ఎక్కించవలసినవి సంతలో కొన్న ఆరు ఈస్ట్‌మన్ డైజెస్టులు (సినిమాలను కుదించి ఇళ్లలో చూడటానికి అమ్మిన రీళ్లు), 200 అడుగులవి. వాటి డబ్బాలలో ఈ రోజే స్ట్రిప్పులు వేశాను.