కోచ్ అనే మాటకు పుట్టిల్లు ఒక హంగేరీ పల్లె

ఐరోపా భాషలన్నిటిలోనూ కాస్త అటూ ఇటూగా ఒకే రూపంలో వినిపించే మాట ఎదురైతే, దాని మూలం లాటిన్‌లోనో గ్రీకులోనో ఉండి ఉంటుందని ముందుగానే అనుకుంటాం. చాలా మాటల విషయంలో ఆ ఊహ తప్పదు కూడా. కానీ ఇంగ్లీషు కోచ్, జర్మన్ కుచె, ఫ్రెంచి కోష్, స్పానిష్ కోచె, ఇటాలియన్ కొక్కియో, డచ్ కూట్స్, పోలిష్ కొచ్, చెక్ కొచార్, సెర్బియన్ కొచియా అనే మాటలను పక్కపక్కన పెట్టుకుని వెనక్కి నడిస్తే, ఆ దారి రోముకు పోదు, ఏథెన్సుకూ పోదు. హంగేరీలో బుడా నగరం నుంచి వియన్నాకు వెళ్లే పాత బాట మీద ఉన్న కొచ్ అనే పల్లె దగ్గర ఆగుతుంది. రైలుపెట్టెకూ, క్రీడాకారులకు ఆట నేర్పే గురువుకూ మనం తెలుగులోనూ వాడుకుంటున్న కోచ్ అదే.

శబ్దాల చరిత్ర చదవడం మొదలుపెట్టిన నాటి నుంచీ ఈ మాట మీద నాకు ప్రత్యేకమైన మమకారం ఉంది. ఒక మాట పది భాషల్లో ఉన్నంత మాత్రాన ఆ భాషల మధ్య చుట్టరికం ఉందని చెప్పలేమన్న సంగతిని ఇంత స్పష్టంగా చూపించే ఉదాహరణ మరొకటి నాకు కనబడలేదు. హంగేరియన్, ఇంగ్లీషు, జర్మన్, ఫ్రెంచి వంటి భాషలు చేరే ఇండో-యూరోపియన్ కుటుంబానికి చెందిన భాషే కాదు. దాని బంధువులు ఫిన్నిష్, ఎస్టోనియన్ వంటివి. కాబట్టి ఈ మాట పైన చెప్పిన ఇంగ్లీషు, జర్మన్ వంటి భాషలకు పూర్వీకుల నుంచి సంక్రమించిన ఆస్తి అయ్యే అవకాశమే లేదు. వస్తువు ప్రయాణించింది, దానితో పాటు పేరూ ప్రయాణించింది. ఏ భాష ఎవరి చేతుల మీదుగా దాన్ని అందుకున్నదో ఆయా రూపాలే చెబుతాయి.

హంగేరియన్‌లో ఊరి పేరుకు చివర 'ఇ' చేరిస్తే 'ఆ ఊరికి చెందిన' అనే అర్థం వస్తుంది. సెకేర్ అంటే బండి. కొచి సెకేర్ అంటే కొచ్ ఊరి బండి. వాడుకలో సెకేర్ రాలిపోయి, విశేషణమే నామవాచకంగా నిలబడింది. వాహనాలకు ఊళ్ల పేర్లు, ప్రాంతాల పేర్లు అతుక్కోవడం ఐరోపాలో కొత్త కాదు: బెర్లిన్ నుంచి బెర్లీన్, జర్మనీలోని లాండావ్ పట్టణం నుంచి లాండో, ఫ్రాన్సులోని లిముజాన్ ప్రాంతం నుంచి లిమోజీన్ వచ్చాయి. అయితే వాటిలో ఏదీ ఇంత విస్తారంగా పాతుకుపోలేదు.

కొచ్ బండిలో అంత గొప్పతనం ఏమిటంటే, ప్రధానంగా అది తేలికైనది. చువ్వలతో బుట్టలా అల్లిన పైభాగం, అతి తక్కువ ఇనుము, పక్కపక్కన కట్టిన మూడు గుర్రాలు. 15వ శతాబ్దంలో, అంటే హంగేరీ రాజు మాత్యాష్ పాలించిన 1458-1490 కాలం నాటికే ఇలాంటి బండ్లు ఆ దారిలో తిరిగేవని హంగేరీ చరిత్రకారులు చెబుతారు. 1518లో ఆ దేశం మీదుగా వెళ్లిన హాబ్స్‌బర్గ్ రాయబారి సిగిస్ముండ్ ఫాన్ హెర్బర్‌స్టైన్ ఈ బండ్ల గురించి రాస్తూ, వాటికి ఆ పేరు ఒక పల్లె నుంచి వచ్చిందని కూడా నమోదు చేశాడు. మజిలీ మజిలీకీ గుర్రాలను మార్చుకుంటూ పోవడం వల్ల బుడా నుంచి వియన్నాకు చేరే ప్రయాణం వేగవంతమైంది. ఈ బండికి మొదటి నుంచీ ఉక్కు స్ప్రింగులు ఉండేవని ఈ మధ్య చాలా వ్యాసాల్లో రాస్తున్నారు గానీ, ఆ మాటను నమ్మకూడదు. ఐరోపా వాహనాల్లో ఉక్కు స్ప్రింగుల వాడకం పెరిగింది 17వ శతాబ్దపు రెండో సగం నుంచే.

ఆ బండి హంగేరీ ప్రభువర్గానికి ఎంత ప్రీతిపాత్రమైందో చెప్పే సాక్ష్యం ఒక చట్టంలో దొరుకుతుంది. 1523లో హంగేరీ సభ చేసిన శాసనం ప్రకారం, ప్రభువులు యుద్ధానికి రావలసి వచ్చినప్పుడు, చాలామందికి అలవాటైనట్లుగా కొచి బండ్లలో కాకుండా, సైనికుల తీరులో గుర్రం మీద గానీ కాలినడకన గానీ రావాలి. లాటిన్‌లో రాసిన ఆ శాసనంలో కొచి అనే మాటను మాత్రం హంగేరియన్‌లోనే ఉంచారు, ఎందుకంటే దానికి లాటిన్‌లో పేరు లేదు. 'చాలామందికి అలవాటైనట్లుగా' అనే ముక్క నాకు ఆ చట్టం మొత్తంలో అతి విలువైనదిగా తోస్తుంది. యుద్ధభూమికి సైతం బండిలో వెళ్లేంతగా ఆ సౌఖ్యం వారికి అలవడింది. ఆ తర్వాత మూడేళ్లకు, 1526 ఆగస్టులో, మొహాచ్ యుద్ధంలో ఆ రాజ్యం ఒట్టోమన్ సైన్యం చేతిలో ఓడిపోయింది. రాజు రెండవ లాయోష్ ఆ రోజే మరణించాడు.

బండి పడమటికి సాగిన దారిలో మొదట తగిలింది జర్మన్. మాటను అందుకోవడమే కాక, దాని నుంచి బండి తోలేవాడికి కుచెర్ అనే పేరును కూడా ఆ భాష తయారుచేసుకుంది. ఇక్కడే రూపాల సాక్ష్యం మనకు ఉపకరిస్తుంది. రష్యన్‌లో కూచెర్, స్వీడిష్‌లోనూ డేనిష్‌లోనూ కుస్క్ అనే మాటలు బండికి కాక, బండి తోలేవాడికి పేర్లు. అంటే ఆ భాషలు దీన్ని హంగేరీ నుంచి నేరుగా తీసుకోలేదు, జర్మన్ల ద్వారా తెచ్చుకున్నాయి. తూర్పున ఒట్టోమన్ తుర్కీలో కోచు అనే బండి ఉండేది. అది ఉత్తరాన ఉన్న హంగేరీ నుంచి నేరుగా వచ్చినట్టే కనబడుతుంది. ఇంగ్లీషులోకి 1550ల్లో, ఫ్రెంచి మీదుగా చేరిందని నిఘంటువులు చెబుతాయి. ఇటాలియన్ మాటలో 'చ' స్థానంలో 'క' వినిపించడం వల్ల అది మిగతా వాటికి కాస్త ఎడంగా నిలుస్తుంది.

చేరిన చోటల్లా అర్థం ఒక్కలా ఉండలేదు. పోర్చుగీసు వారికి కోచె అంటే పాతకాలపు గుర్రపు బండే. లిస్బన్‌లో 1905లో రాణి అమేలియా స్థాపించిన కోచెల మ్యూజియంలో రాజకుటుంబపు బండ్లు ఇప్పటికీ చూడవచ్చు. సరిహద్దు దాటి స్పెయిన్‌లోకి వెళితే కోచె అంటే మామూలు మోటారు కారు. గుర్రాలు పోయి ఇంజన్ వచ్చినా స్పెయిన్ వారు పేరు మార్చలేదు. చెక్ భాషలో కొచార్ గుర్రపు బండి కాగా, దానికి 'చిన్న' అనే అర్థమిచ్చే ప్రత్యయం చేరిస్తే వచ్చే కొచారెక్ పసిపిల్లలను తిప్పే తోపుడుబండి. స్లొవాక్‌లో కొచీక్ కూడా అదే. హంగేరియన్‌లో కొచి ఇప్పటికీ సజీవమైన మాట: కారు కొచి, రైలుపెట్టె కొచి, పసిపిల్లల బండి బాబాకొచి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఫ్రెంచి నిఘంటువు తెరిస్తే కోష్ అనే పేరుతో గుర్రపు బండితో పాటు, కర్ర మీద పెట్టే గాటు, ఆడపంది అనే అర్థాలిచ్చే మాటలు కూడా కనబడతాయి. గ్వాటెమాలాలో కోచె అంటే పంది. వీటికీ మన బండికీ ఏ సంబంధమూ లేదు. అలాగే 'పడుకోవడం' అనే అర్థమున్న ఫ్రెంచి కూషే నుంచి కోచ్ పుట్టిందనుకోవాలని ఎవరికైనా అనిపించవచ్చు, కానీ అది కేవలం ధ్వనిసామ్యం.

గురువు అనే అర్థం మాత్రం పూర్తిగా ఇంగ్లీషు వారి సృష్టి. 19వ శతాబ్దపు మొదటి సగంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు, పరీక్ష అనే గండాన్ని దాటించి అవతలకు చేర్చే ప్రైవేటు బోధకుడిని వేళాకోళంగా కోచ్ అనడం మొదలుపెట్టారు. బండి ప్రయాణికుణ్ణి మోసుకుపోయినట్టు ఆయన విద్యార్థిని మోసుకుపోతాడన్నమాట. 1860ల నాటికి ఆ మాట ఆటస్థలానికి చేరింది. ఇంకొక విశేషం ఏమిటంటే, ట్రైన్, ట్రైనర్ అనే మాటలు కూడా 'లాగడం' అనే ఒకే ఫ్రెంచి క్రియ నుంచి వచ్చాయి. శిక్షణ గురించి మాట్లాడేటప్పుడు ఐరోపా వారికి లాగడం, మోయడం తప్ప మరో ఊహ తట్టలేదేమో అనిపిస్తుంది. ఈ కొత్త అర్థంతో కోచ్ మళ్లీ ఫ్రెంచిలోకీ జర్మన్‌లోకీ వెళ్లింది. హంగేరియన్ వారు క్రీడాశిక్షకుడిని ఎడ్‌జో అని తమ మాటతోనే పిలుస్తారు గానీ, ఉద్యోగజీవితంలో సలహాలిచ్చే నిపుణుడికి కోచ్ అనే ఇంగ్లీషు మాటను, ఇంగ్లీషు వర్ణక్రమంతోనే దిగుమతి చేసుకున్నారు. సుమారు ఐదు శతాబ్దాల క్రితం తమ దగ్గర బయలుదేరిన మాట వారికి పరాయి అక్షరాల్లో తిరిగి వచ్చింది.

పల్లె పేరుతో ముడిపెట్టే శబ్దకథలను నేను మామూలుగా అనుమానంతోనే చదువుతాను, ఎందుకంటే అందంగా ఉండే ఇలాంటి కథల్లో చాలా భాగం తర్వాతి కాలంలో ఎవరో అల్లినవి. ఈ కథను నమ్మడానికి కారణం, సాక్ష్యాలు ఒకదానితో ఒకటి సంబంధం లేని చోట్ల దొరకడం. ఊరి పేరుకు 'ఇ' చేరే వ్యాకరణం ఒకటి, ప్రయాణికుడైన రాయబారి రాసుకున్న మాట ఒకటి, 1523 నాటి శాసనం ఒకటి. వీటికి తోడు, హంగేరీ వారి గొప్పలు చెప్పవలసిన అవసరం ఏమాత్రం లేని ఒక స్పెయిన్ దేశస్థుడి సాక్ష్యం ఉంది. చక్రవర్తి ఐదవ చార్లెస్ జర్మనీలో చేసిన యుద్ధం గురించి లూయిస్ దె ఆవిలా ఇ సునీగా 1548లో ప్రచురించిన గ్రంథంలో, చక్రవర్తి ఒక పైకప్పు ఉన్న బండిలో నిద్రకు ఒరిగిన సంగతి చెబుతూ, ఆ బండిని హంగేరీలో కోచె అంటారనీ, పేరూ ఆ నిర్మాణమూ రెండూ ఆ దేశానివేననీ వివరించాడు. నేడు స్పెయిన్‌లో ప్రతి పిల్లవాడికీ తెలిసిన కోచె అనే మాటకు ఆనాడు ఆయన తన పాఠకుల కోసం అర్థం చెప్పవలసి వచ్చింది.