భైరవకోన దారిలో ఎర్ర లైటు: నా అనుభవం

నిన్న రాత్రి పదింబావుకు ఇల్లు చేరాం. ఒళ్లు నొప్పులు ఇంకా తగ్గలేదు, కోపం అసలే తగ్గలేదు. వివరాలు మరిచిపోకముందే రాసేస్తున్నాను. ఎలక్ట్రిక్ కారు ఉండి, హైవే వదిలి నెల్లూరు నుంచి ఉదయగిరి, సీతారామపురం వైపు పోవాలనుకునే వాళ్లు ఇది చదివి బయలుదేరితే నాకు తృప్తి.

మా అమ్మకు భైరవకోన శివాలయాల మొక్కు ఒకటి మూడేళ్లుగా మిగిలిపోయింది. ఆమెకు డెబ్బై రెండేళ్లు. బస్సులో కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తాయి. ఈ కార్తీకం దాటకుండా తీసుకుపోతానని మాటిచ్చాను. మా కారు 2021లో కొన్నది, బ్యాటరీ 30 యూనిట్లు. ఇప్పటికి 62 వేల కిలోమీటర్లు తిరిగింది. ఒక్కసారి కూడా నన్ను దారిలో నిలబెట్టలేదు. ఇంటి కరెంటుతో కిలోమీటరుకు రూపాయి, మహా అయితే రూపాయిన్నర పడుతుంది. మా బావమరిది నమ్మకపోతే కరెంటు బిల్లులు తీసి చూపించాను.

దూరాల లెక్క ఇదీ. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా ఉదయగిరి దాదాపు వంద కిలోమీటర్లు. అక్కడి నుంచి సీతారామపురం మీదుగా భైరవకోన యాభై లోపే. రానూపోనూ మూడు వందలు అనుకోండి. అరవై స్పీడు దాటకుండా నడిపితే మా బండి యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు ఇస్తుంది, అంటే ఫుల్ ఛార్జింగ్‌కు రెండు వందలు. మధ్యలో ఎక్కడో ఒకచోట ఛార్జింగ్ తప్పదు. ఒక ఛార్జింగ్ కంపెనీ యాప్‌లో చూస్తే ఉదయగిరి చేరేలోపు ఒక బంకులో ఫాస్ట్ ఛార్జర్ ఉంది, పనిచేస్తోందని పచ్చ గుర్తు కూడా ఉంది. రాత్రి చూశాను, తెల్లవారి లేచి మళ్లీ చూశాను. వాళ్ల వాలెట్‌లో 500 రూపాయలు వేశాను.

ఐదింటికి బయలుదేరాం. నేను, అమ్మ, మా ఆవిడ. సంగం దగ్గర పెన్న మీద తెల్లవారింది. దారి బాగుంది.

బంకులో ఛార్జర్ ఉంది. దాని స్క్రీన్ నల్లగా ఉంది. ఛార్జింగ్ గన్ను పెట్టే చోట సాలీడు గూడు కట్టింది. అక్కడ పనిచేసే కుర్రాడు వచ్చి, "అది వానల్లో పొయ్యింది సార్. ఫోన్లు చేశాం, ఎవురూ రాలా" అన్నాడు. కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తే ఇరవై నిమిషాలు పాట వినిపించి, చివరికి ఒకమ్మాయి మాట్లాడింది. "మా సిస్టమ్‌లో మెషీన్ ఆన్‌లోనే ఉంది సార్, ఒకసారి గన్ను పెట్టి చూడండి" అంది. సాలీడు గూడు ఉందమ్మా అని చెప్పినా అదే మాట. ఆ అమ్మాయి తప్పేం లేదు, ఎక్కడో కూర్చుని చూస్తోంది. చెడిపోయిన మెషీన్‌కు పచ్చ గుర్తు పెట్టినవాళ్లదే తప్పు. హైవేల మీద ప్రతి 25 కిలోమీటర్లకు ఒక ఛార్జింగ్ స్టేషన్ ఉండాలని కేంద్రం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. కాగితం మీద రాసినవాళ్లు ఒకసారి ముసలి తల్లిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఈ దారిలో రావాలి.

ఉదయగిరి చేరేసరికి బ్యాటరీలో 53 శాతం ఉంది. కోనకు పోయి మళ్లీ ఉదయగిరికి రావడానికే 45 శాతం పోతుంది. ఆపైన నెల్లూరు వంద కిలోమీటర్లు. అందుకని అక్కడే ఎక్కడైనా మామూలు 15 ఆంప్స్ సాకెట్‌లో పెడదామనుకున్నాను. కారుతో ఇచ్చిన పోర్టబుల్ ఛార్జర్ గంటకు దాదాపు మూడు యూనిట్లు ఎక్కిస్తుంది, అంటే పది శాతం. నాలుగైదు గంటలు ఆగితే చాలు.

ఒక లాడ్జి దగ్గర ఆపి అడిగాను. ఓనరు మొదట ఒప్పుకోలేదు. "మాది కమర్షియల్ మీటరు, కరెంటు అమ్మితే డిపార్టుమెంటోళ్లు ఫైన్ ఏస్తారు" అన్నాడు. బండికి ఛార్జింగ్ పెట్టడం కరెంటు అమ్మడం కిందకు రాదని, దానికి లైసెన్సు అక్కర్లేదని కేంద్ర విద్యుత్ శాఖ 2018లోనే చెప్పిందని మర్యాదగానే వివరించాను. మూడు వందలు ముందే ఇచ్చాను. సరే, కింది గదిలో ఏసీ సాకెట్ ఉంది పెట్టుకోమన్నాడు.

పెట్టాను. ఛార్జర్ మీద ఎర్ర లైటు. తీసి మళ్లీ పెట్టాను. ఎర్ర లైటే. పక్క గదిలో పెట్టాను, వరండాలో పెట్టాను. అదే ఎర్ర లైటు. నా గుండె జారిపోయింది. మా ఇంట్లో నాలుగేళ్లుగా రోజూ పచ్చగా వెలిగే లైటు అది. ఛార్జర్ కాలిపోయిందా, బండిలో ఏమైనా పోయిందా? సర్వీసు సెంటరు వంద కిలోమీటర్ల వెనక ఉంది. లాడ్జిలో పెండ్లివాళ్లు దిగి ఉన్నారు. పిల్లలు, పెద్దలు, దాదాపు ఇరవై మంది బండి చుట్టూ చేరారు. తలా ఒక మాట. అక్కడి కుర్రాడొకడు వైరు ముక్క పట్టుకొచ్చి, "ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కి కలిపేస్తా సార్, నిమిషంలో ఎక్కుద్ది" అన్నాడు. వద్దన్నాను. ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. ఎర్త్ అంటే లీకైన కరెంటును భూమిలోకి పంపే వైరు, న్యూట్రల్ అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు. అలా కలిపితే ఛార్జర్ మోసపోయి పచ్చ లైటు చూపిస్తుంది, నిజమే. కానీ ఎక్కడైనా న్యూట్రల్ వైరు తెగిందంటే ఆ కరెంటంతా కారు బాడీలోకి వస్తుంది. డోరు మీద చెయ్యేసిన పిల్లాడి ప్రాణం పోతుంది. చుట్టూ అంతమంది పిల్లలున్నారు.

సరిగ్గా అప్పుడే లాడ్జి మొత్తం కరెంటు పోయింది.

ఓనరు అరుచుకుంటూ వచ్చాడు. "ఏందయ్యా నువ్వు చేసిన పని? పెండ్లోళ్లు స్నానాలు చేస్తా ఉండారు, ముహూర్తం దగ్గర పడింది. లచ్చలు పోసి కారు కొంటివి, మా కొంపలో కరెంటు పీల్చడానికి వస్తివా?" ఛార్జర్ ఒక్క యూనిట్ కూడా తీసుకోలేదని, ఎర్ర లైటు అంటే అదేనని చెప్పాను. వినిపించుకోలేదు. ఫ్యూజుకు, వైరింగుకు ఐదు వేలు కట్టి కదలమన్నాడు. ఒకాయన ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. మా అమ్మ కారులోంచి దిగి వచ్చి, "నాయనా, నా మొక్కు పాడుగాను, డబ్బులిచ్చేసి ఇంటికి పోదాం పద" అంది. ఇరవై ఏళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను, ఒకరి దగ్గర రూపాయి ఊరికే తీసుకోలేదు. అంతమంది ముందు, మా అమ్మ ముందు కరెంటు దొంగలా నిలబడ్డాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి వణుకుతోంది.

వాళ్లే ఎవరినో పిలిపించారు. మోటార్ వైండింగ్ షాపు ఆయన, నలభై ఏళ్లుంటాయి. చొక్కా నిండా వార్నిష్ మరకలు. మాట్లాడకుండా లోపలికి పోయి మెయిన్ చూసి, ఐదు నిమిషాల్లో కరెంటు వచ్చేలా చేశాడు. బయటికి వచ్చి, "నాలుగు రూముల్లో గీజర్లు ఒకేసారి ఏశారు. ఫ్యూజు తట్టుకోలా" అని ఓనరుతో అన్నాడు. తర్వాత టెస్ట్ ల్యాంపు తీశాడు. హోల్డరుకు రెండు వైర్లు కట్టిన మామూలు బల్బు అది. నేను ఛార్జర్ పెట్టిన సాకెట్‌లో ఫేజుకు, అంటే కరెంటు వచ్చే వైరుకు, న్యూట్రల్‌కు మధ్య పెడితే బల్బు భగ్గున వెలిగింది. ఫేజుకు, ఎర్త్‌కు మధ్య పెడితే చుక్క వెలుగు లేదు. మూడు సాకెట్లలోనూ అంతే. అందరికీ వినపడేలా చెప్పాడు: "సార్ బండికి జబ్బేం లా. ఈ బిల్డింగుకు ఎర్తింగే లా. ఎర్తింగ్ లేకపోతే ఆ ఛార్జర్ కరెంటు ముట్టుకోదు."

ఓనరు ఒక్క మాట అనలేదు. క్షమించమని అడగలేదు, నా మూడు వందలు తిరిగి ఇవ్వలేదు, లోపలికి పోయాడు. వీడియో తీసినాయన మాత్రం ఫోన్ జేబులో పెట్టుకుని మా అమ్మకు కుర్చీ తెచ్చి వేశాడు.

వైండింగ్ ఆయన, "రా అన్నా, మా షాపు కాడ పెట్టుకుందువు" అన్నాడు. షాపు పక్కనే గుంత తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి, పైపు దించి ఎర్త్ చేసుకున్నాడు. రోజూ బిందెడు నీళ్లు పోస్తాడట, మట్టి ఎండితే ఎర్త్ పని చేయదని. బల్బు పెట్టి చూపించాడు, ఫుల్లుగా వెలిగింది. ఛార్జర్ పెట్టాను. పచ్చ లైటు. మా ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి, నాకూ అంతే.

పది నుంచి రెండున్నర దాకా అక్కడే ఉన్నాం. షాపుకు వచ్చిన రైతు ఒకాయన, తన బోరు మోటారు దగ్గర పెట్టుకోమని, అక్కడైతే కరెంటు ఊరికేనని పిలిచాడు. మంచి మనసుతోనే పిలిచాడు. కానీ అది పంట కోసం ప్రభుత్వం పగలు తొమ్మిది గంటలు ఇచ్చే ఉచిత కరెంటు. దాంతో కారు నడపడం తప్పని చెప్పి దండం పెట్టాను. మీరెవరూ కూడా ఆ పని చేయకండి. అమ్మ ఈలోగా ఉదయగిరి చెక్క గరిటెలు నాలుగు కొనుక్కుంది. వీటికి భౌగోళిక గుర్తింపు ఉంది, చేతిపని చూస్తే ఎందుకిచ్చారో తెలుస్తుంది.

95 శాతంతో బయలుదేరి కోనకు పోయాం. మంచి దర్శనం అయింది. ఒకే కొండలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, ముందు పారే నీళ్లు, అమ్మవారి గుడి. కార్తీక పౌర్ణమి నాడు వెన్నెల అమ్మవారి ముఖం మీద పడుతుందంటారు. మేము పగలే చూసి వెనక్కి తిరిగాం. ఉదయగిరికి ఆరున్నరకు వచ్చేసరికి 50 ఉంది. మళ్లీ ఆ షాపులోనే గంటంబావు పెట్టి, 62 చేసుకుని, ఏసీ ఆపి, నిదానంగా నెల్లూరు చేరాం. ఇంటి దగ్గర 14 చూపించింది.

షాపాయనకు ఐదు వందలు ఇస్తే మీటరు చూసి లెక్కగట్టి రెండు వందలు తీసుకున్నాడు. నేను బలవంతం చేస్తే, "పెద్దమ్మకు పండ్లు కొనియ్యన్నా" అని మిగతావి నా జేబులోనే పెట్టాడు.

ఈ వైపు వచ్చే వాళ్లకు నేను చెప్పేదొకటే. లాడ్జీలను, బంకులను నమ్ముకోకండి. మోటార్ వైండింగ్ షాపు ఎక్కడుందో అడగండి. ఎక్కడ పెట్టినా ముందు ఎర్త్ చూపించమనండి. ఒక బల్బు, ఒక హోల్డరు, రెండు వైర్లు డిక్కీలో ఉంచుకోండి. కరెంటు పని తెలిసినవాళ్ల చేతే పెట్టించండి, మీరు వేలు పెట్టవద్దు. సాయంత్రం ఓల్టేజీ పడిపోతుంది, కాబట్టి ఛార్జింగ్ పని పగలే ముగించుకోండి.

వాలెట్‌లో వేసిన 500 కోసం ఈ ఉదయం ఫిర్యాదు పెట్టాను. ఏడు పనిదినాలు పడుతుందని మెసేజ్ వచ్చింది. యాప్ తెరిచి చూస్తే ఆ ఛార్జర్‌కు పచ్చ గుర్తు ఇంకా అలాగే ఉంది.