అంతరిక్ష పరిశోధనకు ఏ పీజీ: గేట్ ఏరోస్పేస్ ప్రిపరేషన్ అనుభవాలు

అంతరిక్ష సాంకేతిక రంగంలో పరిశోధన చేయాలని పీజీ ప్రవేశ పరీక్ష గేట్‌కు సిద్ధమవుతున్న మిత్రులు సాధారణంగా ముందు అడిగేది ఎన్ని మార్కులకు ఏ ఐఐటీలో సీటు వస్తుందని. అది అడగవలసిన ప్రశ్నే గానీ, అంతకంటే ముందు మనకు కావలసింది ఉద్యోగమా, పరిశోధనా అన్నది తేల్చుకోవాలి. మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్ విభాగాల్లో ఇస్రో సాధారణంగా భర్తీ చేసే సైంటిస్ట్/ఇంజినీర్ ‘ఎస్‌సీ’ (ఇది పోస్టు స్థాయి పేరు, రిజర్వేషన్ వర్గం కాదు) పోస్టులకు బీటెక్‌లో 65 శాతం మార్కులు లేదా 6.84 సీజీపీఏ ఉంటే దరఖాస్తు చేసుకోవచ్చు. ఎంటెక్ తప్పనిసరి కాదు. కాబట్టి ఆ ఉద్యోగం ఒక్కటే లక్ష్యమైతే రెండేళ్లు పీజీకి వెచ్చించే ముందు బాగా ఆలోచించాలి. ఒకే సమస్యను పట్టుకుని కొన్నేళ్లు కూర్చోగలమనుకునే వారి కోసమే ఈ అనుభవాలు రాస్తున్నాను.

నేను బీటెక్ మెకానికల్ చదివి ఏరోస్పేస్ పేపర్ రాశాను. థర్మోడైనమిక్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్, స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ చదివి వచ్చినవారికి ఆ సిలబస్‌లో సగం పరిచయమే. ఫ్లైట్ మెకానిక్స్ మాత్రం మొదటి నుంచి నేర్చుకోవాలి. స్పేస్ డైనమిక్స్ చిన్న అధ్యాయమే అయినా దానిని సూత్రాల పట్టికలా బట్టీ పట్టకుండా, ప్రతి ఫలితాన్నీ శక్తి నిత్యత్వం నుంచి కాగితంపై రాబట్టే అలవాటు చేసుకున్నాను. భూమికి 400 కి.మీ. ఎత్తున వృత్తాకార కక్ష్యలో వేగం సెకనుకు సుమారు 7.67 కి.మీ. అని ఒకసారి సొంతంగా లెక్కగడితే, అక్కడే ఆ వేగాన్ని 41.4 శాతం పెంచితే ఉపగ్రహం భూమి ఆకర్షణను దాటిపోతుందన్న సంగతి వేరే గుర్తుపెట్టుకోనక్కరలేదు, ఎందుకంటే పలాయన వేగం కక్ష్యా వేగానికి √2 (సుమారు 1.414) రెట్లు. సంఖ్యా సమాధాన ప్రశ్నలకు నెగెటివ్ మార్కులు లేవు గనుక వాటిలో ఒక్కటీ వదలకూడదు. జనరల్ ఆప్టిట్యూడ్‌కు 15 మార్కులున్నాయని మరచిపోయేవారు ప్రతి ఏటా కనిపిస్తారు.

అంతరిక్షం అంటే ఏరోస్పేస్ ఒక్కటే కాదని ఇక్కడే చెప్పాలి. యాంటెన్నాలు, ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాల) వ్యవస్థలపై ఆసక్తి ఉన్నవారు ఎలక్ట్రానిక్స్ పేపర్ రాసి కూడా ఈ రంగంలోకి రావచ్చు. ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ వైపు వెళ్లాలనుకునేవారికి 2022లో ప్రవేశపెట్టిన జియోమాటిక్స్ పేపర్ ఉంది. హైదరాబాద్ బాలానగర్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) చేసే పని అదే కోవలోది.

సంస్థల విషయానికి వస్తే, డిగ్రీ పేరులో ‘స్పేస్’ ఉందా లేదా అన్నదానికి నేను పెద్దగా విలువ ఇవ్వను. అంతరిక్ష శాఖ కింద 2007లో మొదలైన తిరువనంతపురం ఐఐఎస్‌టీ (భారత అంతరిక్ష శాస్త్ర, సాంకేతిక సంస్థ)కి ఇస్రో కేంద్రాల సామీప్యం పెద్ద బలం. ద్రవ ఇంజిన్లు రూపొందించే ఇస్రో కేంద్రం ఎల్‌పీఎస్‌సీ కూడా ఐఐఎస్‌టీ ఉన్న వలియమలలోనే ఉంది. ఐఐఎస్‌సీ ఏరోస్పేస్ విభాగం చరిత్ర 1942 నుంచి ఉంది. దహన ప్రక్రియలపై పనిచేయాలంటే ఐఐటీ మద్రాసులోని జాతీయ దహన పరిశోధన కేంద్రాన్ని చూడకుండా నిర్ణయం తీసుకోవద్దు. ఐఐటీ ఇందోర్‌లో ఖగోళశాస్త్రం, స్పేస్ ఇంజినీరింగ్ ఒకే విభాగంలో నడుస్తాయి. వీటిలో ఏది గొప్పదన్న చర్చ కంటే, మనకు నచ్చిన సమస్యపై అక్కడ ఇప్పుడు ఎవరు పనిచేస్తున్నారన్నదే ముఖ్యం. అందుకే ప్రతి విభాగం పేజీలోనూ అధ్యాపకుల ఇటీవలి పరిశోధన పత్రాలు తెరిచి, వాటిలో మొదటి రచయితలు విద్యార్థులేనా, ప్రయోగాలు ఆ ల్యాబ్‌లోనే జరిగాయా, విద్యాసంస్థల పరిశోధనకు ఇస్రో డబ్బిచ్చే ‘రెస్పాండ్’ వంటి పథకాల నిధులున్నాయా అని చూసుకున్నాను. విద్యార్థులు చేసిన ఉపగ్రహం కక్ష్యకు చేరిందా అన్నది కూడా మంచి గీటురాయి: ఐఐటీ కాన్పూర్ ‘జుగ్ను’ 2011లో, ఐఐటీ బాంబే ‘ప్రథమ్’ 2016లో, ఐఐఎస్‌టీ భాగస్వామిగా ఉన్న ‘ఇన్‌స్పైర్‌శాట్-1’ 2022లో పీఎస్‌ఎల్‌వీపై వెళ్లాయి. అయితే ఆ బృందాలు ఇప్పటికీ చురుగ్గా ఉన్నాయో లేదో అక్కడి సీనియర్లనే అడగాలి.

పరిశోధనే ధ్యేయమైతే ఎంటెక్ కంటే ఎంఎస్ (పరిశోధన ప్రధానమైన పీజీ) లేదా ఎంటెక్ రీసెర్చ్ మేలని నా అభిప్రాయం, ఎందుకంటే వాటిలో కోర్సులు తక్కువ, థీసిస్‌దే పెద్దపీట. వాటికి గేట్ స్కోరు గుమ్మం వరకే తీసుకువెళుతుంది. లోపలికి వెళ్లేది ఇంటర్వ్యూతోనే. నేను ప్రొపల్షన్ నా సబ్జెక్టని చెప్పగానే బోర్డుపై థ్రస్ట్ (ఇంజిన్ ఇచ్చే నెట్టుడు బలం) సమీకరణం రాయమన్నారు. రాశాక, ఇదే ఇంజిన్ శూన్యంలో ఎక్కువ థ్రస్ట్ ఎందుకు ఇస్తుందని అడిగారు. బయటి పీడనం పోవడం వల్లనని చెప్పాను. అలాగైతే రాకెట్ మొదటి దశకే పెద్ద నాజిల్ (వాయువు బయటకు వచ్చే గంట ఆకారపు గొట్టం) పెట్టవచ్చు కదా అన్నారు. నేల దగ్గర నాజిల్ అంచున వాయువు పీడనం వాతావరణ పీడనం కంటే మరీ తగ్గితే వాయుప్రవాహం నాజిల్ గోడను వదిలేస్తుందనీ, అప్పుడు పక్కవాటు బలాలు పుట్టి నాజిల్ దెబ్బతినవచ్చనీ వివరించాను. ఇది పుస్తకాల్లో మిగిలిపోయే ప్రశ్న కాదు: విస్తరణ నిష్పత్తి (నాజిల్ చివరి వైశాల్యం, దాని ఇరుకు భాగపు వైశాల్యానికి ఎన్ని రెట్లో) 100 ఉన్న సీఈ20 క్రయోజెనిక్ ఇంజిన్‌ను 2024 నవంబరులో మహేంద్రగిరిలో సముద్రమట్ట పరిస్థితుల్లో మండించడానికి ఇస్రో ప్రత్యేకంగా నాజిల్ రక్షణ వ్యవస్థను వాడవలసి వచ్చింది. ఇంటర్వ్యూకు రెండు సబ్జెక్టులు చాలు, కానీ ఆ రెండింటిలోనూ ‘ఎందుకు’ అని వరుసగా అడుగుతూ పోయినా తట్టుకోగలగాలి.

అమెరికా వెళ్లాలనుకునే మన విద్యార్థులు ఐటార్ (ఆయుధ, రాకెట్ సాంకేతికత విదేశీయులకు చేరకుండా అమెరికా పెట్టిన నియంత్రణలు) నిబంధనల గురించి ముందే తెలుసుకోవాలి. విశ్వవిద్యాలయాల్లో ప్రచురణకు ఉద్దేశించిన మౌలిక పరిశోధన చేయడానికి అవి సాధారణంగా అడ్డు రావు గానీ, చదువయ్యాక రాకెట్ కంపెనీలు ఎక్కువగా పౌరులనూ గ్రీన్‌కార్డు ఉన్నవారినీ మాత్రమే తీసుకోవడానికి కారణం అవే. డెల్ఫ్ట్, స్టట్‌గార్ట్, టులూజ్ వంటి యూరప్ కేంద్రాలనూ పక్కపక్కన పెట్టి పోల్చుకున్న తర్వాతే అప్పు సంగతి ఆలోచించండి. ఇక్కడైతే గేట్ ద్వారా చేరిన ఎంటెక్ విద్యార్థికి నెలకు రూ.12,400 స్టైపెండ్ వస్తుంది.

చివరగా ఆఫర్ల సంగతి. ఐఐటీల ఎంటెక్ సీట్లు కోప్ అనే ఉమ్మడి ఆఫర్ల పోర్టల్‌లో విడతలుగా వస్తాయి. ఎంఎస్ ఇంటర్వ్యూ ఫలితాలు మాత్రం ఆయా సంస్థల సొంత తేదీల ప్రకారం వెలువడతాయి. మీకు కావలసిన ల్యాబ్ నుంచి ఫలితం ఇంకా రాకపోతే ‘యాక్సెప్ట్ అండ్ ఫ్రీజ్’ (వచ్చిన సీటును ఖరారు చేసుకోవడం) నొక్కే ముందు ఆ విభాగం కార్యాలయానికి ఒక మెయిల్ పెట్టి తేదీ కనుక్కోండి. ‘రిటైన్ అండ్ వెయిట్’ (సీటును పట్టుకుని ఎదురుచూడటం) ఆ విడతలో అందుబాటులో ఉంటే అప్పటివరకు దాని మీద ఉండవచ్చు.